చోయిలాకి గడ్డి మంటే కావాలి

నేపాలీ తిండి అనగానే మనవాళ్ళు మోమోల దగ్గరే ఆగిపోతారు. మా ఆయన ఉద్యోగం వల్ల ఖాట్మండు పక్కనే ఉన్న పాటన్‌లో ఒక నేవార్ల, అంటే ఆ లోయలో తరతరాలుగా ఉంటున్నవాళ్ళ, ఇంట్లో అద్దెకుంటున్నాం కాబట్టి నాకు చోయిలా రుచి తెలిసింది. కాల్చిన మాంసంలో ఇంతకన్నా మంచిది నేనింకా తినలేదు.

నేవార్లు దీన్ని ఎక్కువగా గేదె మాంసంతో చేస్తారు. కోడి, బాతు మాంసాలతో చేసేవాళ్ళూ ఉన్నారు. హాకు (అంటే నల్ల) చోయిలా అయితే పెద్ద ముక్కల్ని ఎండు వరిగడ్డి మంటలో పైన నల్లగా మాడేదాకా కాలుస్తారు. గడ్డి భగ్గున మండి ఇట్టే ఆరిపోతుంది. అందుకే పైన మాడినా లోపల ఎండిపోదు, ఆ పొగ వాసనా ముక్కకి పట్టేస్తుంది. గ్యాస్ మీద కాల్చి ఇచ్చే హోటళ్ళలో నాకు అదే దొరకదు.

తర్వాత చిన్న ముక్కలుగా కోసి అల్లం, వెల్లుల్లి, కారం, జీలకర్ర, ఉప్పు, కాస్త టిమ్ముర్ (మిరియాల్లాంటి నేపాలీ మసాలా గింజలు) వేసి చేత్తో కలుపుతారు. టిమ్ముర్ నాలుకని జివ్వుమనిపిస్తుంది. ఇక అసలు పని నూనెది. మా ఇంటి యజమానురాలిని దిదీ (అక్కా) అంటాను. ఆవిడ ఆవనూనె పొగలొచ్చేదాకా కాచి మెంతులు వేస్తుంది. మన పోపులో మెంతులు ఎర్రబడగానే గాభరాగా దించేస్తామా, ఆవిడ మాత్రం కదలదు. "ఇంకా కాలేదు బహినీ (చెల్లీ), నల్లబడనీ" అంటుంది. పూర్తిగా నల్లబడ్డాక పసుపు వేసి, ఆ నూనెని సుయ్యిమంటూ ముక్కల మీద పోస్తుంది. ఆ చేదు ఘాటు లేకపోతే అది మామూలు మసాలా మాంసమే. చివర్లో పచ్చి వెల్లుల్లి ఆకు తరిగి చల్లుతుంది.

తినేది బాజీతో, అంటే అటుకులతో. పక్కన వేయించిన నల్ల సోయా గింజలు, అల్లం ముక్కలు, ఉడికించిన గుడ్డు ఉంటే అదే సమయ్ బాజీ. పెద్దవాళ్ళకి ఒక చుక్క ఐలా, అంటే ఇంట్లో కాచిన సారా, కూడా ఉంటుంది. దసరా రోజుల్లో వచ్చే వాళ్ళ మోహనీ పండగలో, అష్టమి నాడు ఇంటిల్లిపాదీ పెద్దాచిన్నా వరసలో కూర్చుని అరిటాకుల్లో బాజీ తింటారు. అక్కడా చోయిలా ఉండాల్సిందే.

ఇంకో మాట. వేడివేడిగా తినాలని తొందరపడకండి. నూనె పోశాక ఒక గంట అలా వదిలేయండి, మెంతి వాసన ముక్కకి అప్పుడే బాగా పడుతుంది. మళ్ళీ వేడి చేశారో, ఆవనూనె ఘాటంతా పోతుంది.