నాలుగో రోజున ఆపేసిన మాత్రలు

నాది నర్సీపట్నం పక్కన ఒక పల్లె. నవంబరు నుంచి జనవరి దాకా సాగే కాఫీ కోతలకు మేస్త్రీగా చింతపల్లి వైపు ఒక తోటకు వెళ్ళినప్పుడు, నాకూ నాతో వచ్చిన కూలీలకూ గెడ్డ (కొండవాగు) ఒడ్డున వేసిన రేకుల పాకే బస అయింది. దానికి మూడు వైపులే తడికలుండేవి. చలికి తాళలేక రాత్రి పొద్దుపోయే దాకా నెగడు చుట్టూ కూర్చునేవాళ్ళం. మలేరియా దోమ కుట్టేది కూడా చీకటి పడ్డాకనే. మురుగన్నది లేని చోట దోమలెక్కడివని అనుకున్నానే గాని, మన్యంలో ఆ దోమ మెల్లగా పారే గెడ్డల అంచున తేటనీటిలోనే గుడ్లు పెడుతుందని నాకు అప్పటికి తెలియదు.

మూడో వారంలో ఒక మధ్యాహ్నం పళ్ళు టకటకలాడేంత వణుకు పుట్టింది. గంట తరువాత ఒళ్ళు కాలిపోయి, సాయంత్రానికి చెమటలు పట్టి తేలికపడింది. మరునాడు బాగానే తిరిగాను, ఆ మరునాడు అదే వేళకు మళ్ళీ వచ్చింది. ఆశ కార్యకర్త వేలు గుచ్చి, కిట్ మీద రక్తపు చుక్క వేసి, కాసేపటికే వైవాక్స్ రకం మలేరియా అని చెప్పారు. క్లోరోక్విన్ మొదటి రెండు రోజులు 4 మాత్రల చొప్పున, మూడో రోజు 2. ప్రైమాక్విన్ మాత్రం 14 రోజులు, అన్నం తిన్నాకే వేసుకోవాలి. మూత్రం నల్లబడితే వెంటనే మాత్రలు ఆపి ఆస్పత్రికి రమ్మని ఆమె రెండుసార్లు చెప్పారు.

మూడో రోజుకే జ్వరం దిగిపోయింది. కడుపులో నొప్పిగా ఉందన్న సాకుతో, నిజానికి కాఫీ పళ్ళ తూకం దగ్గర నేను లేకపోతే లెక్క తప్పుతుందన్న ఆత్రంతో, నాలుగో రోజున మాత్రలు సంచిలో పడేశాను. జ్వరపడిన మా నలుగురిలో పద్నాలుగు రోజులూ వేసుకున్నది ఒక్కరే.

మార్చిలో ఇంటి దగ్గర అదే వణుకు మళ్ళీ వచ్చింది. ఊళ్ళో వైద్యం చేసే ఆయన రెండు రోజులు సెలైన్ ఎక్కించారు. మన్యం వెళ్ళివచ్చిన సంగతి ఆయన అడగలేదు, నేనూ చెప్పలేదు. చివరికి ప్రభుత్వాసుపత్రిలో రక్తపూత తీశాక గాని అసలు విషయం బయటపడలేదు. క్లోరోక్విన్ రక్తంలోని క్రిములనే చంపుతుందనీ, వైవాక్స్ క్రిమి కాలేయంలో నెలల తరబడి నిద్రాణంగా ఉండగలదనీ, దానిని అక్కడ తుదముట్టించేందుకే ప్రైమాక్విన్ ఇస్తారనీ డాక్టరుగారు వివరించారు. ఎర్ర రక్తకణాలను కాపాడే జీ6పీడీ అనే ఎంజైము లోపమున్నవారికి ప్రైమాక్విన్ వల్ల ఆ కణాలు చితికిపోయే ప్రమాదం ఉంటుందట, గర్భిణులకైతే అసలు ఇవ్వరు. నాకు ఆ లోపం లేదని పరీక్షలో తేలాక మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టారు. ఈసారి పద్నాలుగు రాత్రులూ మా ఆవిడ అన్నం కంచం పక్కనే మాత్రలు పెట్టి, మింగే దాకా కదలలేదు.

మరుసటి కోతలకు పాకకు నాలుగో తడిక కట్టించాకే కూలీలను దించాను. దోమతెరల ఖర్చులో సగానికే తోట యజమాని ఒప్పుకున్నారు. తక్కినది నా కమీషనులోంచి పోయింది.