మామిడి కొమ్మ మీది వాండా: నా అనుభవం

2014 అక్టోబరులో హుద్‌హుద్ తుఫానుకు అమ్మమ్మ వాళ్ల ఊళ్లో పెద్ద మామిడిచెట్టు కూలింది. కొమ్మలు నరుకుతుంటే ఒకదానికి ఈ వాండా మొక్క అతుక్కుని కనిపించింది. "బదనికేనే, పారెయ్" అంది అమ్మమ్మ. మనసొప్పక విశాఖ తెచ్చుకున్నాను.

ఎర్రమట్టి, పశువుల ఎరువు కలిపి కుండీలో నాటి, రోజూ నీళ్లు పోశాను. నెల తిరిగేసరికి కింది ఆకులు పసుపెక్కి రాలాయి. పీకి చూస్తే వేళ్లు మెత్తబడిపోయాయి. నొక్కితే పైపొర జారిపోయి లోపల దారంలాంటిది మాత్రం మిగిలింది. ఏడుపొచ్చినంత పనైంది.

అప్పుడే ఇది వాండా టెసెలాటా అనే ఆర్కిడ్ అని తెలిసింది. బదనిక తను పట్టిన చెట్టు రసం పీలుస్తుంది. ఇది కొమ్మను పట్టుకుని ఉంటుంది, అంతే. వాన, మంచు, బెరడు మీద చేరిన చెత్త దీని తిండి. వేరు చుట్టూ వెలామెన్ అనే స్పాంజి లాంటి పొర ఉంటుంది. ఎండితే వెండిరంగు, తడి తగిలితే చూస్తుండగానే ఆకుపచ్చ. ఎప్పుడూ తడిగా ఉంటే వేరు ఊపిరాడక కుళ్లిపోతుంది. నేను చేసిన తప్పు అదే.

కుళ్లిన వేళ్లు కోసి, దాల్చినచెక్క పొడి అద్ది, మామిడి చెక్కకు కొబ్బరితాడుతో కట్టాను. మట్టి లేదు. పొద్దున్నే నీళ్లు, వేళ్లు మళ్లీ వెండిరంగుకు వచ్చాకే ఇంకోసారి. వారానికోసారి లీటరు నీళ్లకు అర గ్రాము 19-19-19 ఎరువు (నత్రజని, భాస్వరం, పొటాష్ సమానంగా ఉండేది). రెండు నెలలకు గోరంత పచ్చటి వేరు మొన కనిపించింది.

పువ్వు మాత్రం రాలేదు. ముదురాకుపచ్చ ఆకులు చూసి మురిసిపోయాను గానీ, అది వెలుగు చాలదని చెప్పే గుర్తట. పది గంటల దాకా ఎండ పడే తూర్పు బాల్కనీకి మార్చాక ఆకులు లేతబడ్డాయి. 2018 మేలో ఆకు మొదట్లోంచి ఓ మొన వచ్చింది. వేరనుకున్నాను, కానీ నున్నగా కాకుండా మడతలుగా ఉంది. పూలకాడ! ఏడు పూలు. లేత పసుపాకుపచ్చ మీద గోధుమరంగు గళ్లు, ఊదారంగు పెదవి (మిగతా వాటికి భిన్నంగా ఉండే రేకు), దగ్గరికెళ్తే సువాసన. టెసెలాటా అంటే గళ్లదనే. మన సామర్లకోటలో పనిచేసిన వృక్షశాస్త్రవేత్త విలియం రాక్స్‌బర్గ్ 1795లో దీన్ని శాస్త్రలోకానికి వర్ణించాడు.

అడవిలో పీక్కొచ్చి అమ్మేవి దయచేసి కొనకండి. దీని గింజ దుమ్ములా ఉంటుంది, అడవిలో శిలీంధ్రం తోడు లేకపోతే మొలవదు. పీకిన చోట మరోటి రావడానికి ఏళ్లు పడుతుంది.

ఇప్పుడు ఒక వేరు చెక్క దాటి బాల్కనీ ఊచను పట్టుకుంది. చెక్క పాతబడింది, మార్చాలంటే ఆ వేరు తెంపాలి. అందుకే మార్చడం మానేశాను.