పెళ్లి మేళం వాళ్ల నిద్ర, చెవి, అప్పు

కళాకారుల మనోవేదన అనగానే మనవాళ్ల మాట సినిమా గాయకుల మీదికి పోతుంది. కర్నూలు, అనంతపురం, కడప జిల్లాల్లో సంగీతం మీద బతికేవాళ్లలో ఎక్కువమంది బొమ్మ ఏ పోస్టరు మీదా ఉండదు. సన్నాయి, డోలు వాళ్లు, బ్యాండు సెట్టులో ట్రంపెట్టు ఊదేవాళ్లు, ఆర్కెస్ట్రాలో కీబోర్డు, ప్యాడ్లు చూసుకునేవాళ్లు, పీర్ల పండక్కీ జాతరకూ తప్పెట కొట్టేవాళ్లు. వీళ్లలో ఎవరైనా "ఈమధ్య మనసు బాలేదన్నా, వాయించబుద్ధి కావడం లేదు" అంటే ధైర్యం చెప్పేముందు నాలుగు సంగతులు అడగండి. రాత్రి ఎంతసేపు పడుకున్నాడు, ఎవరికెంత బాకీ, చెవుల్లో గుయ్‌మంటోందా, రోజుకెంత తాగుతున్నాడు. ఈ నాలుగూ సర్దకుండా మనసుకు చేసే వైద్యం సగంలోనే ఆగిపోతుంది.

బ్రిటన్‌లో 2016లో హెల్ప్ మ్యుజీషియన్స్ అనే సంస్థ వెస్ట్‌మినిస్టర్ విశ్వవిద్యాలయం చేత ఒక సర్వే చేయించింది. జవాబిచ్చిన 2,211 మందిలో నూటికి 71 మంది తీవ్రమైన ఆందోళనో, ఉన్నట్టుండి వచ్చే గుండెదడో అనుభవించామన్నారు. 68 మందికి పైగా కుంగుబాటు చెప్పుకున్నారు. తమంతట తాము ముందుకొచ్చి ఇచ్చిన జవాబులు గనుక అక్కడి కళాకారులందరిదీ ఇదే లెక్క అనుకోకూడదు. నాకు ఆ అంకెల కంటే వాళ్లు తేల్చిన ఇంకో మాట ముఖ్యం: వాయించడం మనసుకు మేలే చేస్తోంది, దాని మీద బతకబోతేనే దెబ్బ తగులుతోంది. ఎప్పుడొస్తుందో తెలియని డబ్బు, వేళాపాళా లేని పని. లండన్‌లోనైనా ప్రొద్దుటూరులోనైనా ఇవి ఒకటే. మనకు వీటిపైన మూఢాలు.

మూఢం సంగతే ముందు చూద్దాం, ఎందుకంటే అప్పు అక్కడే పుడుతుంది. గురుడో శుక్రుడో సూర్యుడికి దగ్గరై కనబడకుండా పోయిన రోజుల్లో ముహూర్తాలు పెట్టరు. శుక్రుడు సూర్యుడికి ముందువైపు నుంచి దాటితే కొద్దిరోజుల్లో అయిపోతుంది. వెనకవైపు నుంచి దాటితే రెండు నెలలు మించుతుంది. 2024లో ఏప్రిల్ చివరి నుంచి జూలై మొదటి వారం దాకా గురు, శుక్ర మూఢాలు కలిసొచ్చి నిండు వేసవిలో మండపాలు మూతపడ్డాయి. 2025 నవంబరు చివర మొదలైన శుక్ర మూఢం 2026 ఫిబ్రవరి మధ్య దాకా నడిచింది. ఆషాఢం, పుష్యం వీటికి అదనం. ఇంత నష్టం చేసేది ముందే తెలియనిదైతే ఏమీ అనలేం. కానీ ఉగాదినాడు పంచాంగం కొంటే ఏడాది ఖాళీలన్నీ అందులోనే ఉంటాయి. మేళం పెద్ద ఆ తేదీలను గోడ క్యాలెండరు మీద ఎర్రగా గీసి సెట్టు మొత్తానికి ఉగాది వారంలోనే చూపించాలి.

చాలా సెట్లలో జరిగేది ఇంకోరకం. ఖాళీ నెలల్లో ఓనరు దగ్గర అడ్వాన్సు తీసుకుంటారు, లేదా ఊళ్లో మూడు రూపాయల వడ్డీకి తెస్తారు. 40,000 తెస్తే నెలకు 1,200 వడ్డీ. మూడు నెలల మూఢం దాటేసరికి ఒక్క పాట వాయించకుండానే 3,600 పైన పడింది. సీజను మొదలయ్యాక వచ్చిందంతా పాత వడ్డీకే పోతుంది. ఇంట్లో బంగారం ఉంటే బ్యాంకులో కుదువపెట్టినా రూపాయి వడ్డీ లోపే అవుతుంది. అడ్వాన్సుకైతే ఇంకో మెలిక ఉంది. "నా డబ్బు తీరేదాకా ఇంకో సెట్టులో వాయించకూడదు" అని కట్టడి చేయడం 1976 నాటి వెట్టిచాకిరీ రద్దు చట్టం కిందికి రావొచ్చు. బ్యాండు ఓనర్లలో చెడ్డవాళ్లు తక్కువేనని నా అభిప్రాయం, వాళ్లకూ మూఢమే. కానీ ఈ కట్టడి ఒక్కటే మనిషిని ఎక్కువగా నలిపేస్తుంది, ఎందుకంటే అవమానం జరిగినా అక్కడి నుంచి లేచి పోలేడు.

దీనికి విరుగుడు సెట్టు పొదుపు. ప్రోగ్రాముకు 1,500 చేతికొచ్చే మనిషి 150 పక్కన పెడితే, ఏడాదికి 60 ప్రోగ్రాములైతే 9,000. మూఢంలో బియ్యం, కరెంటు బిల్లు నడుస్తాయి. పోస్టాఫీసులోనో బ్యాంకులోనో ఇద్దరి సంతకం ఉంటేనే డబ్బు తీసేలా ఖాతా తెరవండి. ఒక్కరి చేతిలో ఉంచితే తగవు ఖాయం. ప్రమాద బీమా ఏడాదికి 20 రూపాయలే: ప్రధానమంత్రి సురక్ష బీమా, 18 నుంచి 70 ఏళ్ల లోపు వాళ్లకు, ప్రమాదంలో చనిపోతే రెండు లక్షలు. రాత్రిళ్లు వ్యాన్లలో తిరిగేవాళ్లకు ఇది లేకపోవడం నాకు అర్థం కాదు. డప్పు కళాకారులకు 50 ఏళ్లు నిండితే రాష్ట్ర ప్రభుత్వ పింఛను ఉంది, 2024 జూలై నుంచి నెలకు 4,000. సచివాలయంలో అడగాలి.

ఇక నిద్ర. సాయంత్రం ఏడుకు రిసెప్షన్, తెల్లవారి నాలుక్కు లగ్నం, పగలు పదికి ఇంకో ఊళ్లో పెళ్లి. కర్నూలు నుంచి అనంతపురం సుమారు 150 కిలోమీటర్లు, కడపకు 200. లగ్నం అయ్యాక వ్యాను నడిపేది తరచూ ప్యాడ్లు వాయించినవాడో, మైకు సెట్టు సర్దినవాడో అవుతాడు. 17 గంటలు మేలుకున్న మనిషి చెయ్యీ కన్నూ, రక్తంలో 0.05 శాతం మద్యం ఉన్నవాడిలా పనిచేస్తాయి. మన చట్టంలో డ్రైవరుకు ఒప్పుకునే హద్దు 0.03. అంటే చుక్క ముట్టకపోయినా ఆ మనిషి స్టీరింగు పట్టకూడదు. తెల్లవారి రెండు నుంచి ఐదు మధ్య ఒళ్లు మరీ బరువెక్కుతుంది. వాయించని డ్రైవరును పెట్టుకోవడం ఖర్చు కాదు, దాన్ని బేరంలోనే కలిపెయ్యాలి.

రిసెప్షనుకీ లగ్నానికీ మధ్య దొరికే సమయంలో 20 నిమిషాలో, పూర్తిగా 90 నిమిషాలో పడుకోండి. మధ్యలో 45 నిమిషాలకు లేపితే గాఢనిద్రలోంచి లేచి తల దిమ్ముగా ఉంటుంది, శ్రుతి కూడా సరిగా పట్టదు. కాఫీ ప్రభావం సగం తగ్గడానికే ఐదారు గంటలు పడుతుంది. లగ్నం దగ్గర తాగిన కాఫీ పొద్దున తొమ్మిదికి పడుకుందామంటే అడ్డమొస్తుంది. ఇలా వరసగా వారాలు గడిస్తే చిరాకు, మతిమరుపు, ఊరికే ఏడుపు రావడం మొదలవుతాయి. జనం దాన్ని "పొగరు పెరిగింది" అంటారు.

ఇవన్నీ తీరాలంటే బేరం కాగితం మీదికి రావాలి. కాగితం ఇబ్బందైతే వాట్సాప్ మెసేజ్ చాలు, అవతలివాళ్లు "సరే" అని జవాబిస్తే అదే రుజువు. అందులో రాయాల్సినవి: మొదలు, ముగింపు వేళలు ("పెళ్లయ్యేదాకా" అని ఒప్పుకోవద్దు), ఆ వేళ దాటితే గంటకెంత, బయానా సగం, మిగతా సగం లగ్నం మొదలుకాక ముందే. తలంబ్రాలు పడ్డాక డబ్బులిచ్చే పెద్దమనిషి ఎక్కడున్నాడో ఎవరికీ తెలియదు. పడుకోడానికి తలుపు గడియ పడే గది, ఆడవాళ్లుంటే వేరే గది, బాత్రూము. రాత్రి ఎనిమిది లోపల భోజనం. చివరి పంక్తిలో మిగిలింది పెట్టడం, బయట కూర్చోబెట్టడం మన వైపు ఇంకా పోలేదు. డోలు, సన్నాయి, డప్పు ఏ కులాల చేతుల్లో ఉన్నాయో అందరికీ తెలుసు, ఆ మర్యాద ఎందుకలా ఉందో కూడా తెలుసు. ఆకలి కంటే అదే ఎక్కువ గుచ్చుతుంది. అందుకే భోజనం వేళ రాతలో ఉండాలి.

పాటగత్తెల మీద చేతులు వేయడం, నోట్లు విసిరి ఫలానా పాటే పాడమనడం జరిగితే స్టేజి మీద మైకు ఆపే హక్కు లీడరుకు ఉండాలి, అది కూడా బేరంలోనే చెప్పాలి. పనిచోట వేధింపుల మీద 2013లో వచ్చిన చట్టం అసంఘటిత రంగానికీ వర్తిస్తుంది. పదిమంది కంటే తక్కువ ఉన్న సెట్టులోనో, ఓనరు మీదనో ఫిర్యాదైతే జిల్లా స్థాయి స్థానిక కమిటీకి మూడు నెలల లోపల రాసి ఇవ్వాలి.

చెవి గురించి మన వాళ్లు అసలు పట్టించుకోరు, నేను ఎక్కువ చెప్పేది ఇదే. 85 డెసిబెళ్ల శబ్దంలో ఎనిమిది గంటలు ఉండొచ్చు. ఆపైన ప్రతి 3 డెసిబెళ్లకూ సమయం సగమవుతుంది: 88కి నాలుగు గంటలు, 94కి ఒక గంట, 100కి పదిహేను నిమిషాలు. ఊరేగింపులో డీజే బండి ముందు నడిచే డోలు మనిషికి ఆ పదిహేను నిమిషాలు మొదటి వీధిలోనే అయిపోతాయి. మీటరు లేకపోయినా తెలుసుకోవచ్చు. చేయి చాచినంత దూరంలో ఉన్నవాడితో అరిచి మాట్లాడాల్సి వస్తే 85 దాటినట్టే. ఆరుబయట స్పీకరు నుంచి దూరం రెండింతలు చేస్తే 6 డెసిబెళ్లు తగ్గుతుంది, అంటే ఉండగలిగే సమయం నాలుగింతలు. డీజే బండి రెండు మీటర్ల వెనక కాకుండా ఎనిమిది మీటర్ల వెనక రావాలని అడగడానికి పైసా ఖర్చు లేదు. రాత్రి పది తర్వాత స్పీకర్లు ఆపాలని 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనలు కూడా చెబుతున్నాయి.

మందుల షాపులో దొరికే స్పాంజి ఇయర్‌ప్లగ్గులు పనికొస్తాయి కానీ సగంమంది తప్పుగా పెడతారు. ప్లగ్గును సన్నగా నలిపి, అవతలివైపు చేయి తలమీదుగా తెచ్చి చెవిని పైకీ వెనక్కీ లాగి, లోపలికి తోసి అర నిమిషం వేలితో నొక్కి పట్టుకోవాలి. సన్నాయి, ట్రంపెట్టు వాళ్లు వెంటనే తీసి పారేస్తారు, ఎందుకంటే తమ ఊదుడే తల లోపల బుర్రుమని మోగుతుంది. ప్లగ్గు పైపైన పెట్టినప్పుడు ఇది ఎక్కువ, లోతుగా పెడితే తగ్గుతుంది. అదీ కుదరకపోతే స్పీకరు వైపు చెవికి ఒక్కదానికైనా పెట్టండి. గుయ్‌మనే శబ్దం మర్నాటికీ తగ్గకపోతే చెవి డాక్టరు దగ్గరికి వెళ్లాలి. ఉన్నట్టుండి ఒక చెవి మూసుకుపోయినట్టయితే అదే రోజు వెళ్లాలి, ఆలస్యమైన కొద్దీ వినికిడి తిరిగొచ్చే అవకాశం తగ్గిపోతుంది. పడుకుందామన్నప్పుడల్లా ఆ గుయ్ వినిపించి నిద్ర చెడుతుంది. నిద్ర కోసమే తాగుడు మొదలుపెట్టినవాళ్లు సెట్టుకొకరుంటారు.

మందు నిద్ర పట్టిస్తుంది, తెల్లవారుజామున అదే లేపేస్తుంది. పెళ్లివాళ్లు క్వార్టరు చేతికివ్వడం ఆపి ఆ డబ్బు కలిపి ఇమ్మనడం మంచి పద్ధతి. కానీ రోజూ ఎక్కువ తాగే మనిషిని మూఢంలో "ఖాళీగా ఉన్నావు కదా, మానెయ్" అని ఒక్కసారిగా ఆపించకండి. ఆపిన కొన్ని గంటలకు చేతులు వణుకుతాయి, రెండు రోజుల లోపల ఫిట్సు రావొచ్చు, మూడోనాటికి లేనివి కనపడి మాట్లాడవచ్చు. ప్రాణం మీదికి వచ్చే స్థితి అది. ఆసుపత్రిలో చేరి, డాక్టరు చూస్తుండగా మానాలి.

రెండు వారాలు వరసగా నిద్ర, ఆకలి చెడి, ఇష్టమైన రాగం కూడా వాయించబుద్ధి కాకపోతే జబ్బు అనుకోవచ్చు. టెలీ మానస్ నంబరు 14416, ఇరవైనాలుగు గంటలూ, తెలుగులో మాట్లాడొచ్చు, డబ్బు పడదు. "చచ్చిపోతే మేలు" అన్న మాట వస్తే నేరుగా అడగండి, అడిగినందువల్ల లేని ఆలోచన పుట్టదు. ఒంటరిగా వదలకండి, ఇంట్లో సేద్యపు పురుగుమందు ఉంటే ఆ రోజే వేరేవాళ్లింటికి చేర్చండి, 108కి ఫోను చేయండి.

కర్నూలు, అనంతపురం, కడప ప్రభుత్వ పెద్దాసుపత్రుల్లో మానసిక విభాగం ఓపీ ఉంది. అక్కడ మీ వాద్యమేదో తప్పక చెప్పాలి. కుంగుబాటుకు ఇచ్చే కొన్ని మాత్రలు నోరు ఎండగొడతాయి, సన్నాయి పీక పెదాల్లో పట్టదు, గొంతు పట్టేస్తుంది. మనసు ఒడిదుడుకులకు ఇచ్చే లిథియం వేసుకుంటూ మే నెల ఎండలో ఊరేగింపు నడిస్తే చెమటకు ఒళ్లెండి మందు రక్తంలో పెరిగిపోతుంది, వాంతులు, వణుకు వస్తాయి. నీళ్లు, ఉప్పు తగ్గించకూడదు. స్టేజి భయానికి స్నేహితులిచ్చే ప్రొప్రనొలాల్ ఉబ్బసం ఉన్నవాళ్లకు ప్రమాదం. కుంగుబాటు మాత్రలు పని చేయడానికి రెండు నుంచి ఆరు వారాలు పడుతుంది, పది రోజులకే "లాభం లేదు" అని ఆపేవాళ్లే ఎక్కువ. పొద్దున పడుకుని మధ్యాహ్నం లేచే మనిషినని చెబితే వేళలు దానికి తగ్గట్టు రాస్తారు. పెళ్లిళ్ల సీజనులో ఓపీకి రావడం కుదరదు కాబట్టి ముహూర్తాల తేదీలు డాక్టరుకు ముందే చూపించి సరిపడా మాత్రలు అడగండి, చీటీ ఫోటో తీసి ఫోనులో ఒకటి, సెట్టులో నమ్మకమైన మనిషి దగ్గర ఒకటి ఉంచండి.