గోవిందా అనేదాకా

మొన్న కడపలో మా చిన్నాన్న కూతురి పెళ్లి. బంతిలో నా పక్కన మా బావమరిది కూర్చున్నాడు. వచ్చే నెల వాడూ ఉద్యోగానికి జపాన్ వస్తున్నాడు. "బావా, అక్కడ పార్టీల్లో అందరూ గ్లాసులు ఎత్తుతారంట గదా. నేను మందు ముట్టను, ఎట్లా?" అన్నాడు. వాడికి భాష కంటే ఇదే పెద్ద టెన్షన్.

నేనూ ముట్టను. నా గ్లాసులో ఎప్పుడూ ఊలాంగ్ టీయే. దానికి ఎవరూ ఏమీ అనుకోరు గానీ, అందరికంటే ముందు తాగితే మాత్రం బాగుండదు. నేను చేసిన తప్పు అదే. చేరిన మొదటి డిసెంబరులో బోనెన్‌కై అని ఏడాది చివరి విందుకు పిలిచారు. దాహమేసి, కూర్చోగానే సగం గ్లాసు తాగేశాను. తల ఎత్తి చూస్తే అందరి గ్లాసులూ నిండుగా ఉన్నాయి. నాకు తల కొట్టేసినట్టయింది. పక్కనున్న సీనియర్ ఒక్క మాట అనకుండా, జగ్గు రెండు చేతులతో పట్టుకుని నా గ్లాసు మళ్లీ నింపాడు. ఆ తర్వాత పెద్దాయన లేచి, నాలుగు మాటలు చెప్పి "కంపాయ్" అన్నాడు, అంటే చీర్స్ అని. అప్పుడు తాగారు అందరూ.

ఆ రాత్రి మా జేజి గుర్తొచ్చింది. బంతి చివరిదాకా వడ్డించి, ఎవరో ఒకరు "గోవిందా" అనేదాకా ముద్ద ముట్టనిచ్చేది కాదు. తొందరపడితే తొడ మీద గిల్లేది. అన్నీ తెలిసి కూడా అక్కడ ఎలా మరిచిపోయానో!

బావమరిదికి ఇంకో రెండు చెప్పాను. మన గ్లాసు మనం నింపుకోకూడదు. పక్కవాళ్లది మనం చూసుకుంటే, మనది వాళ్లు చూసుకుంటారు. గ్లాసు తాకించేటప్పుడు పెద్దవాళ్ల గ్లాసు అంచు కంటే మనది కాస్త కిందికి ఉండాలి.

పోయిన మార్చిలో ఆ సీనియర్ రిటైరయ్యాడు. వీడ్కోలు విందులో కంపాయ్ నన్నే చెప్పమన్నాడు. అందరూ గ్లాసులు పట్టుకుని ఎదురుచూస్తుంటారు కాబట్టి పొడుగ్గా మాట్లాడకూడదు. "మొదటి బోనెన్‌కైలో నా గ్లాసు నింపింది మీరే" అని, ఇంకో రెండు ముక్కలు చెప్పి ముగించాను. గ్లాసు ఆయన దానికంటే కిందికి దించాను. ఆయన ఇంకా కిందికి దించాడు. నేను మళ్లీ దించాను. రెండు గ్లాసులూ టేబుల్‌కు ఆనుకున్నాక గానీ ఒకదానికొకటి తాకలేదు.