బాపు గోలీల డబ్బా

ఆదివారం, రాత్రి పది దాటింది. బిడ్డ నిద్రపోయింది. కట్టు కట్టిన చెయ్యి దిండు మీద పెట్టుకుని పడుకుంది.

మధ్యాహ్నం అన్నం వంచుతుంటే మూత జారి, గంజి దాని ఎడమ చేతి మీద ఒలికింది. మిద్దె మీద మిరపకాయలు ఆరబోస్తున్న నేను కేక విని ఉరికొచ్చేసరికి, మణికట్టు పైన అరచేయంత మేర ఎర్రగా కందిపోయి ఉంది. అత్తమ్మ అప్పటికే మా నాన్న హోమియో మందుల డబ్బా ఉన్న అలమారు దగ్గరికి నడుస్తోంది. "ఏ పిల్లా, మీ బాపు గోలీల డబ్బ తేరాదే, కాలినదానికి అండ్ల మందుంటది" అంది. మా ఆయన టూత్‌పేస్టు పట్టుకొచ్చారు.

రెండూ ఆగమని చెప్పి, ముందు దాని గాజులు తీసేశాను. వాపు వస్తే తర్వాత రావు. నల్లా తిప్పితే వేడినీళ్లు! నల్లగొండ మే నెల ఎండకు పైన ట్యాంకు కాగిపోయి ఉంది. సంపులోంచి తోడి, చెంబుతో మెల్లగా పోస్తూ కూర్చున్నాను. గడియారం చూసి ఇరవై నిమిషాలు పోశాను. ఐసుగడ్డ పెట్టనివ్వలేదు, అది చర్మాన్ని ఇంకా పాడుచేస్తుంది. పదిహేను నిమిషాలయ్యాక బిడ్డ ఏడుపు ఆపి, "ఇప్పుడు మంట తగ్గిందమ్మా" అంది. అప్పుడే నాకూ ఊపిరి ఆడింది. శుభ్రమైన పలుచటి గుడ్డ కప్పి సాయంత్రం డాక్టరుకు చూపించాం. కట్టు కట్టి, బొబ్బ లేస్తే చిదమొద్దన్నారు.

ఈ మధ్యలో అత్తమ్మ మనవరాలి నాలుక మీద నాలుగు గోలీలు వేసింది. నేను వద్దనలేదు. సీసా మీద బాపు చేతిరాత: కాంథారిస్ 30.

నాగార్జునసాగర్ ఎడమ కాల్వ కింద ఒక ఊళ్లో బాపు టీచరు. ఆ చెక్క డబ్బాలో ముప్పై దాకా సీసాలు ఉండేవి. దెబ్బ తగిలితే ఆర్నికా, తేనెటీగ కుడితే ఏపిస్, ముల్లు దిగితే లీడం. గోలీలు చేత్తో ముట్టకూడదని మూతలోకి రాల్చి నోట్లో వేసేవాడు. కర్పూరం వాసన తగలకూడదని దేవుడి గదికి దూరంగా పెట్టేవాడు. ఎవరి దగ్గరా ఒక్క పైసా తీసుకోలేదు. మోకాలు చెక్కుకుపోయి వచ్చిన పిల్లగాడికి ముందు బోరింగు కింద సబ్బుతో పుండు కడిగి, ఆ తర్వాతే గోలీ ఇచ్చేవాడు. వాళ్లకు నిజంగా మేలు చేసింది ఆ కడగడమే అని ఇప్పుడు నాకు అనిపిస్తుంది. పక్కన కూర్చుని "ఏం కాదు కొడుకా" అనడం కూడా.

నేను తొమ్మిదో తరగతిలో ఉన్నప్పుడు వరి కోస్తున్న ఒకాయన్ను రక్తపింజర కాటేసింది. మంచం మీద మోసుకుని సీదా మా ఇంటికే తెచ్చారు. బాపు డబ్బా తెరవనే లేదు. "దీనికి నా దగ్గర మందు లేదు, సూదిమందే దిక్కు" అన్నాడు. కాలు కదలకుండా కర్ర పెట్టి కట్టాడు. ఎవరో పిక్క మీద తాడు బిగిస్తుంటే విప్పించాడు, బ్లేడు తీసినవాణ్ని కసిరాడు. జీపు మాట్లాడి తనే మిర్యాలగూడ తీసుకుపోయాడు. ఆయన బతికాడు. ఆ రోజు బాపును చూసినంత గొప్పగా నేను మరెవరినీ చూడలేదు.

రాత్రి బిడ్డ ఆ సీసా చేతిలో తిప్పుతూ ఇది దేంతో చేస్తారని అడిగింది. ఒంటికి తగిలితే బొబ్బలు పుట్టించే ఒక పురుగుతో అని చెప్పాను. ఏది రోగం పుట్టిస్తుందో అదే కొంచెంగా ఇస్తే తగ్గిస్తుందని 1796లో జర్మనీ డాక్టర్ హానిమన్ రాశాడు, హోమియో అంతా దాని మీదే నిలబడింది. ఒక చుక్క మందును 99 చుక్కల స్పిరిట్‌లో కలిపి, అందులోంచి ఒక చుక్క తీసి మళ్లీ 99 చుక్కల్లో కలుపుతారు. అలా ముప్పై సార్లు, సీసా మీద 30 అంటే అదే. బిడ్డ ఇంటర్ బైపీసీ కదా, కాగితం తీసుకుని లెక్క కట్టింది. ఒకటి పక్కన అరవై సున్నాలు పెట్టినన్ని వంతుల్లో ఒక్క వంతు మందు. ఒక మోల్ అనే కొలత పదార్థంలో ఎన్ని అణువులుంటాయో చెప్పే అవగాడ్రో సంఖ్య అయితే సుమారు ఆరు పక్కన ఇరవై మూడు సున్నాలే. "పన్నెండోసారికే అసలు మందు అణువు ఒక్కటైనా మిగలడం కష్టం అమ్మా" అంది. ఆస్ట్రేలియా వైద్య పరిశోధన మండలి కూడా 2015లో, ఏ జబ్బుకూ హోమియో పనిచేస్తుందనడానికి నమ్మదగిన ఆధారం లేదని తేల్చింది. ఆ మాట చదివిన రోజు బాపు గుర్తొచ్చి నాకు చాలా బాధేసింది. కానీ బిడ్డకు అబద్ధం చెప్పలేను. లెక్క కరెక్టే అన్నాను.

అది పడుకున్నాక డబ్బా ముందేసుకుని కూర్చున్నాను. బాపు సీసాలన్నీ తుడిచి బీరువాలో నా పెళ్లి చీర పక్కన పెట్టాను. ఖాళీ అయిన అరల్లో గాజుగుడ్డ, దూది, ప్లాస్టర్, సబ్బు, థర్మామీటర్, పారాసెటమాల్, ఓఆర్ఎస్ సర్దాను. మూత లోపల కాగితం అంటించాను. కాలితే చల్లని నీళ్లు ఇరవై నిమిషాలు. కుక్క కరిస్తే సబ్బుతో, పారే నీళ్ల కింద పదిహేను నిమిషాలు కడిగి, అదే రోజు టీకా. పాము, తేలు అయితే 108.

ఓఆర్ఎస్ ప్యాకెట్లు రెండే ఉన్నాయి. రేపు కట్టు మార్పించడానికి పోయినప్పుడు ఇంకో నాలుగు తేవాలి.