ఆగిన బండికి బాడుగ ఎవరిస్తారు?

నిన్న రాత్రంతా ఫోన్ చేతిలో పట్టుకునే ఉన్నా. చీమకుర్తి బ్లాక్ గెలాక్సీ గ్రానైట్ పలకలతో చెన్నై హార్బర్‌కి పోతున్న మా ట్రైలర్ కావలి దాటాక ఆగిపోయింది. ముందెక్కడో లారీ అడ్డంగా పల్టీ కొట్టిందంట. ‘యాడుండేది ఆడే ఉందన్నా, ఇంజను కూడా ఆపేశా’ అన్నాడు డ్రైవర్. వెనక బస్సులు, పక్కన రొయ్యల బండ్లు. వాళ్ల టెన్షన్ ఇంకా ఎక్కువ, ఐసు కరిగిపోతుంటుంది కదా.

రాయి కుళ్ళదు, నీకేం బాధ అంటారు చాలామంది. కానీ ఎక్స్‌పోర్ట్ కంటైనర్‌కి కటాఫ్ టైమ్ ఉంటుంది. ఆలోపు పోర్టు గేటు దాటకపోతే ఓడ మన కోసం ఆగదు, సరుకు తర్వాతి ఓడకే. ఆ మధ్యలో పడే చార్జీల దగ్గర సరుకు పంపే పార్టీకీ మనకీ గొడవ. సరుకు వెంట ఉండాల్సిన జీఎస్టీ పత్రం, ఈ-వే బిల్లు సంగతి సరేసరి. 200 కిలోమీటర్లకి ఒక రోజు గడువు లెక్క. గడువు దాటితే 8 గంటల్లోపు పొడిగించుకోవాలి, లేదంటే దారిలో పట్టుకుంటే జరిమానా.

ఫాస్టాగ్ వచ్చాక టోల్ దగ్గర క్యూ తగ్గిన మాట నిజమే. జాతీయ రహదారి 16 మీద యాక్సిడెంట్ అయితే మాత్రం దానికి ట్యాగ్ లేదు!

బాడుగ ట్రిప్పు లెక్కన మాట్లాడుకుంటాం, గంటల లెక్కన కాదు. డ్రైవర్‌కి పోయిన నిద్రకి అసలు లెక్కే లేదు. తెల్లారి బయల్దేరతానంటే, ముందు నాయుడుపేట దగ్గర రెండు గంటలు పడుకోమన్నా. ఈసారి నుంచి రోడ్డు మీద హాల్టింగ్ (బండి ఆగినందుకు ఇచ్చే డబ్బు) కూడా ముందే రాయించుకుందామనుకుంటున్నా. పార్టీలు ఒప్పుకుంటారా అన్నది వేరే కథ.