పెరడు ఎవరిది?

సిడ్నీలో, కిరిబిల్లీలో ఒక ఫ్లాట్ చూశామని ఫోన్‌లో చెబితే నాన్న ధర అడగలేదు. "నాలుగు హద్దులూ చూసుకున్నావా?" అన్నారు. మా తాతగారు కాకినాడలో దస్తావేజు లేఖరి. ఆ వాసన నాన్నను వదల్లేదు. "ఫ్లాటుకి హద్దులేంటి నాన్నా" అని నవ్వేశాను.

1930ల నాటి ఇటుక భవనం, కింది అంతస్తు. ఎత్తయిన పైకప్పు, కిటికీలకు రంగు గాజులు. వంటగది తలుపు తీస్తే చిన్న పెరడు, మూలన దేవగన్నేరు చెట్టు. వీధి చివరికి నడిస్తే హార్బర్ బ్రిడ్జి. ప్రకటనలో 'గార్డెన్ అపార్ట్‌మెంట్' అని రాశారు. పైగా పెరడు ఉత్తరం వైపు. ఇక్కడ ఎండ ఉత్తరం నుంచే పడుతుంది కాబట్టి అదో గొప్ప, ధరలో అదీ కలిపేస్తారు. కరివేపాకు మొక్క ఎక్కడ పెట్టాలో మా ఆవిడ అప్పుడే చూసేసుకుంది.

అమ్మేది వేలంలో. న్యూ సౌత్ వేల్స్‌లో మామూలుగా ఇల్లు కొంటే మనసు మార్చుకోవడానికి ఐదు పనిదినాలు ఉంటాయి, వేలంలో అదీ లేదు. పాట మన మీద ఆగితే అక్కడికక్కడే సంతకం, సాధారణంగా పది శాతం డిపాజిట్. అందుకే కాంట్రాక్టు ముందే లాయరుకు పంపాం. రెండు రోజులకు లాయరమ్మ ఫోన్ చేసి "పెరడు మీకు రాదు" అన్నారు.

ప్లాన్‌లో మందపాటి గీత వంటగది గోడ దగ్గరే ఆగిపోయింది. గీత లోపలిది మనది, బయటిది భవనంలో అందరిదీ. అందరి స్థలాన్ని ఒక్కరే వాడుకోవాలంటే బై-లా, అంటే భవనం ఓనర్లందరూ కట్టుబడే నిబంధన, ఉండాలి, అది రిజిస్టర్ కావాలి. ఇక్కడ ఉన్నదల్లా ఓనర్ల పాత మీటింగ్ మినిట్స్‌లో ఒక్క వాక్యం. ఏజెంటును అడిగితే "ఎప్పటినుంచో వాళ్లే వాడుకుంటున్నారు" అన్నాడు. తాతగారి భాషలో చెప్పాలంటే అనుభవం ఉంది, హక్కు లేదు.

వేలానికి వెళ్లి పాటకు నంబరు కార్డు తీసుకున్నాం గానీ ఎత్తలేదు. ఇద్దరే పాడారు, యజమాని అనుకున్న ధర రాలేదు. సోమవారం ఏజెంటే ఫోన్ చేశాడు. మా షరతు ఒక్కటే: బై-లా రిజిస్టర్ అయ్యాకే సెటిల్‌మెంట్, అంటే మిగతా డబ్బు కట్టి ఇల్లు మా పేరున చేసుకోవడం.

దానికి ఓనర్ల మీటింగ్‌లో స్పెషల్ రిజల్యూషన్ కావాలి. వ్యతిరేక ఓట్లు పావు వంతు దాటకూడదు. పై అంతస్తు పెద్దావిడ అడ్డం తిరిగారు. దేవగన్నేరు కొట్టేస్తామేమోనని ఆవిడ భయం. కొట్టబోమని బై-లాలోనే రాయించాం. ఈలోగా లోన్ అనుమతి గడువు ఒకసారి పొడిగించుకోవాల్సి వచ్చింది. ఆ మూడు నెలలూ ఒకటే టెన్షన్.

రిజిస్టరైన బై-లా, దాని ప్లాన్ నాన్నకు వాట్సాప్‌లో పంపాను. చాలాసేపటికి ఫోన్ చేశారు.

"ఉత్తరం హద్దు ఎవరిదిరా?"

"కాలిబాట నాన్నా, ఊరిది."

"అయితే సరే."